గేటు దాటాక మస్టరు ఎవరు వేస్తారు?

సింగరేణి ప్రాంతంలో మనిషి గాడిన పడ్డాడా లేదా అన్నది మస్టర్లు, అంటే హాజరు లెక్కలు, చెబుతాయి. గనుల చట్టం ప్రకారం భూగర్భంలో దిగే కార్మికుడికి ఏడాదికి 190, ఉపరితలంలో పనిచేసేవారికి 240 హాజర్లు పడితేనే జీతంతో కూడిన సెలవు దక్కేది. వంద మస్టర్లు కూడా పడనివాళ్లను యాజమాన్యం కౌన్సెలింగ్‌కు పిలుస్తుంది. ఒక్కణ్నే రమ్మనదు, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రమ్మంటుంది. నాగాల వెనక రోగాలుంటాయి, అప్పులుంటాయి. చాలా ఇళ్లలో మాత్రం ఆడవాళ్లు నోరు తెరిస్తే ముందు వచ్చేది మందు మాటే.

ఆ కౌన్సెలింగ్ పనిచేసిందా? మరుసటి ఏడు మస్టర్లు తీసి చూస్తే చాలు. పెరిగాయా, తగ్గాయా, అంతే. ఉద్యోగాలు ఊడగొట్టే లెక్క కాబట్టి కార్మికులకు దానిమీద కోపం ఉంది. న్యాయమైన కోపమే. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. కౌన్సెలింగ్ గదిలో కార్మికుడు ఎంత వినయంగా తల ఊపాడన్నది ఆ లెక్కలోకి రాదు. గది దాటి వెళ్లాక ఏం చేశాడన్నదే వస్తుంది.

అదే వాడల నుంచి ఒక పిల్లాడు గంజాయి తాగి, దొంగతనం కేసులో దొరికి, జువెనైల్ హోమ్‌కు వెళ్లాడనుకోండి. అక్కడ లెక్క తిరగబడుతుంది. లోపల ఎన్ని కౌన్సెలింగులు జరిగాయి, ఎంతమంది ప్రతిజ్ఞ చేశారు, జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు ఎంతమంది ప్లకార్డులు పట్టుకున్నారు అన్నవి నివేదికల్లోకి ఎక్కుతాయి. ఆరు నెలల తర్వాత వాడు ఎక్కడున్నాడో రాసే గడి ఆ నివేదికల్లో ఉండదు.

హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద వచ్చేవాళ్లకు బొగ్గు ప్రాంతపు గాలి బసంత్‌నగర్ దగ్గరే తగులుతుంది. టోల్‌గేటు, 1969లో కేశోరాం పేరుతో మొదలైన సిమెంటు ఫ్యాక్టరీ, 1980ల్లో వాయుదూత్ విమానాలు దిగిన పాత రన్‌వే. అవి దాటితే ఎన్టీపీసీ పొగగొట్టాలు, ఎరువుల ఫ్యాక్టరీ, ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. నాన్నకు బ్యాడ్జీ నంబరు, క్వార్టరు, ఆసుపత్రి కార్డు ఉండేవి. కొడుకు కాంట్రాక్టరు దగ్గర రోజు కూలీ. చేతిలో నగదు, పని దొరకని రోజులు, రోడ్డు మీద లారీలు. దగ్గర్లోనే కాజీపేట–బల్లార్షా రైలు మార్గం. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి, సీలేరు అడవుల నుంచి భద్రాచలం, కొత్తగూడెం మీదుగా కదిలే సరుకు ఏ దారిన ఎటు పోతుందో ఇక్కడి హోటళ్లలో టీ తాగేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. రామగుండం కమిషనరేట్ పరిధిలో గంజాయి పట్టివేత అన్న వార్త జిల్లా పేజీలో రాకపోతేనే వింత.

ఒక పిల్లాణ్ని అనుకుందాం. పదిహేడేళ్లు. ఇంటర్ మధ్యలో మానేశాడు, లారీల దగ్గర క్లీనరు పని. ఇద్దరు పెద్దవాళ్లతో కలిసి బైకు దొంగతనం కేసులో దొరికాడు. జేబులో చిన్న పొట్లం, గంజాయి చుట్టుకునే ఓసీబీ పేపర్లు. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం వాణ్ని లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తేవాలి. బెయిలే నియమం, నిరాకరణ మినహాయింపు. రెండు వారాల్లో ప్రొబేషన్ ఆఫీసరు వాడి ఇల్లు, చదువు, స్నేహాల మీద నివేదిక ఇవ్వాలి. 53వ సెక్షన్ కింద హోమ్ అందించాల్సిన సేవల్లో కౌన్సెలింగ్ ఉంది, మత్తు మాన్పించే చికిత్సకు పంపడం ఉంది, ఒక్కో పిల్లాడికీ విడిగా సంరక్షణ ప్రణాళిక ఉంది. అలవాటు ముదిరితే 93వ సెక్షన్ కింద బోర్డే చికిత్స కేంద్రానికి మార్చవచ్చు. వాడికి గంజాయి ఇచ్చినవాడికి 77వ సెక్షన్, వాడిచేత అమ్మించినవాడికి 78వ సెక్షన్, రెండింటికీ ఏడేళ్ల దాకా శిక్ష. కాగితం మీద ఇంతకంటే మంచి చట్టం అడగలేం.

ఇదే కుర్రాడు మరో ఏడాది ఆగి దొరికితే పెద్దవాళ్ల జైలు. పద్దెనిమిది దాటిన కుర్రాళ్ల కోసం ఒకప్పుడు నిజామాబాద్‌లో బోర్స్టల్ స్కూలు అని విడిగా నడిచింది. ఎన్డీపీఎస్ చట్టంలో చికిత్సకు ఒప్పుకున్నవాణ్ని శిక్ష బదులు ఆసుపత్రికి పంపే 39వ సెక్షన్, తనంత తానుగా చికిత్సకు వచ్చినవాడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఉన్నాయి. కోర్టు ఆవరణల్లో వాటి మాట వినపడేది మాత్రం తక్కువ.

హోమ్‌లో మన కుర్రాడి మొదటి వారం ఎలా గడుస్తుంది? గంజాయి రోజూ తాగేవాడికి మానేసిన ఒకటి రెండు రోజుల్లో నిద్ర పట్టదు, అన్నం సహించదు, ప్రతిదానికీ చిరాకు. వారం లోపే అది ముదిరి, రెండు మూడు వారాల్లో నెమ్మదిస్తుంది. ఇందుకు ప్రత్యేకమైన మందు లేదు. మాటే మందు, ఓపికే మందు. ఆ చిరాకును వార్డెను పొగరు అనుకుంటే దెబ్బలు పడతాయి. రోగం అనుకుంటే గ్లాసుడు నీళ్లు, నిద్రకు కొంత సాయం దొరుకుతాయి. చికిత్స ఎలా ఉందో చూడాలనుకునేవాళ్లు మొదట చూడాల్సింది ఈ వారాన్నే. బోర్డు మీద రాసిన టైంటేబుల్‌ను ఎప్పుడైనా చూడొచ్చు.

వాడు తాగింది గంజాయి ఒక్కటే కాకపోవచ్చు. తెలంగాణలో కల్తీ కల్లు తాగేవాడి ఒంట్లోకి అల్‌ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ పోతాయి. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద ఒక్కసారి విరుచుకుపడినప్పుడు ఏమైందో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు చూశాయి, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం చూసింది. ఫిట్స్‌తో, వణుకుతో, అయోమయంతో జనం వందల్లో వచ్చారు. కొందరు చనిపోయారు. ఈ మందులను ఒక్కరోజులో ఆపకూడదు, డాక్టరు చేతిలో మెట్టు మెట్టుగా తగ్గించాలి. కాబట్టి హోమ్‌లోకి వచ్చిన పూటే ‘ఏం తాగావు, చివరిసారి ఎప్పుడు’ అని అడిగారా లేదా అన్నది చికిత్స నాణ్యతకు మొదటి పరీక్ష. ఇందుకోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రశ్నావళి ఉంది, కౌమారులకు విడిగా మరొకటి ఉంది. పావుగంట పని.

అడిగే మనిషి పోలీసు కాకూడదు, అంతే. ఖాకీ చొక్కాకు ఏ పిల్లాడూ నిజం చెప్పడు.

గుడ్డలో పోసి పీల్చే వైట్‌నర్ సంగతి వేరు. చిన్న పిల్లల మత్తు అది. ఎయిమ్స్ నిపుణులు 2018లో దేశమంతా చేసిన సర్వేలో పీల్చే మత్తు పెద్దల్లో 0.58 శాతం అయితే పిల్లల్లో 1.7 శాతం. పిల్లలు పెద్దలను మించిన మత్తు ఇదొక్కటే. అంతకు ముందు 2013లో జాతీయ బాలల హక్కుల కమిషన్ కోసం అదే ఎయిమ్స్ బృందం మత్తు వాడే 4,024 మంది పిల్లలతో మాట్లాడింది. వాళ్లలో పొగాకు 83 శాతం, మద్యం 68 శాతం, గంజాయి 35 శాతం, పీల్చే మత్తు కూడా దాదాపు అంతే. ఒక్కో పిల్లాడు రెండు మూడు రకాలు కలిపి వాడుతున్నాడన్నమాట. ‘గంజాయి బ్యాచ్’ అని ఒకే పేరు పెట్టి, ఒకే ఉపన్యాసం చెప్పి పంపిస్తే ఎవరికి ఏది తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

ఇక టెస్టు కిట్టు. పోలీసులకు ఇప్పుడు మూత్ర పరీక్ష కిట్లు వచ్చాయి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక, దానిమీద రెండు మూడు చుక్కలు. కాసేపట్లో గీతలు తేలతాయి. చూసేవాళ్లకు తమాషాగా ఉంటుంది: రెండు గీతలొస్తే మత్తు లేనట్టు, ఒక్కటే వస్తే ఉన్నట్టు. గర్భ పరీక్షకు సరిగ్గా తిరకాసు. ఈ గీత ఎంత చెబుతుంది? ఎప్పుడో ఒకసారి దమ్ము కొట్టినవాడికి మూడు నాలుగు రోజుల్లో మూత్రం శుభ్రపడుతుంది. రోజూ తాగినవాడికి మానేసిన నెల తర్వాత కూడా ఆనవాలు దొరకొచ్చు. అంటే ఇరవై రోజులుగా నిజంగా ముట్టనివాడు దోషిగా తేలవచ్చు, శనివారాలు మాత్రమే తాగేవాడు పెద్దమనిషిగా బయటపడొచ్చు. రెండు నెలలు హోమ్‌లో ఉన్నవాడికి రెండు గీతలొస్తే అది చికిత్స గొప్పతనం కాదు, కాంపౌండు గోడ గొప్పతనం. ఆ కిట్టు ఫలితాన్ని విజయంగా రాసుకునే అధికారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. పాపం, ఆయన చేతిలో ఉన్న కొలబద్ద అదొక్కటే.

తెలంగాణ జైళ్ల శాఖ ఈ విషయంలో కొంత ముందుకు వచ్చింది. మనస్తత్వ శాస్త్ర ఆచార్యురాలు బీనా చింతలపురి మార్గదర్శకత్వంలో ‘ఉన్నతి’ అనే కార్యక్రమం నడిచింది. ఆలోచన మారితే నడత మారుతుందన్న సూత్రం మీద అల్లిన శిక్షణ అది. పెద్ద జైళ్లలో డీ-అడిక్షన్ కేంద్రాలు కూడా వచ్చాయి. శాఖ ఇలాంటివాటిని ‘మళ్లీ జైలుకు ఎంతమంది వచ్చారు’ అన్న లెక్కతో బేరీజు వేసుకుంటుంది. ప్రతిజ్ఞల లెక్క కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. కానీ జైలు పుస్తకానికి తెలిసేది దొరికినవాడి సంగతే. మళ్లీ తాగుతూ దొరకనివాడు, మంచిర్యాల దాటి మహారాష్ట్రలో దొరికినవాడు, నాలుగో నెలలో చచ్చిపోయినవాడు, ముగ్గురూ ఆ పుస్తకంలో ‘తిరిగి రానివాళ్లే’.

గేటు దాటాక ఏమైందో చూడని పొరపాటుకు అమెరికాలో పెద్ద ధరే చెల్లించారు. కాలిఫోర్నియా జైళ్లలో 1989 నుంచి మత్తు చికిత్స మీద వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి, 2007లో ఆ రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం లెక్క తీస్తే చికిత్స పొందినవాళ్లు, పొందనివాళ్లు ఒకే తీరున జైలుకు తిరిగొస్తున్నారని తేలింది. ఒకచోట పొందినవాళ్లే కాస్త ఎక్కువ. బయటికొచ్చాక కూడా తొంభై రోజులో, అంతకు మించో చికిత్స కొనసాగించినవాళ్ల దగ్గర మాత్రం ఫలితం కనిపించింది. డెలావేర్ రాష్ట్రంలో పరిశోధకులు విడుదలైన మూడేళ్ల దాకా మనుషుల వెంటపడి చూశారు. ఏ చికిత్సా లేనివాళ్లలో మళ్లీ అరెస్టు కానివాళ్లు 29 శాతం. విడుదలకు ముందు చికిత్స పూర్తిచేసి, బయట కూడా కొనసాగించినవాళ్లలో 69 శాతం.

ఈ 69 చూసి చప్పట్లు కొట్టేముందు కొంచెం ఆగాలి. చివరిదాకా నిలబడినవాళ్లను మాత్రమే లెక్కపెడితే ఏ కార్యక్రమమైనా గొప్పగానే కనిపిస్తుంది. మన కార్పొరేట్ కాలేజీలు ర్యాంకుల ప్రకటనలు వేసేది ఇలాగే. పేజీ నిండా ఫొటోలు, మధ్యలో మానేసినవాళ్ల ఊసే ఉండదు. మానాలన్న పట్టుదల ముందే ఉన్న కుర్రాడు చికిత్సలో ఎలాగూ నిలుస్తాడు. డెలావేర్‌లో మధ్యలో వదిలేసినవాళ్ల లెక్క కూడా విడిగా ఇచ్చారు, అందుకే దాన్ని నమ్మొచ్చు. వాళ్లలో అరెస్టు కానివాళ్లు 28 శాతం. అంటే మధ్యలో పోయినవాడికీ అసలు రానివాడికీ తేడా లేదు. ఇంకో చిక్కు: మనిషి బాగా దిగజారిన రోజునే దొరుకుతాడు కాబట్టి, ఏం చేయకపోయినా కొంత మెరుగవుతాడు. పాతికేళ్లు వచ్చేసరికి తమంత తామే మానేసే కుర్రాళ్లూ ఉంటారు. వాళ్ల పుణ్యం కూడా కార్యక్రమం ఖాతాలో పడిపోతుంది. చికిత్స దొరకని అలాంటి కుర్రాళ్లతో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప దేని వల్ల ఏం జరిగిందో తేలదు.

కొన్ని మంచి పనులు చెడు చేస్తాయని కూడా ఇలాంటి లెక్కే చెప్పింది. న్యూజెర్సీలోని రావే జైలుకు 1970ల్లో దారితప్పిన పిల్లలను తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీలచేత అరిపించి భయపెట్టేవారు. దానిమీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. దేశమంతా అనుకరించారు. తర్వాత పరిశోధకులు తొమ్మిది పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, అలా భయపడి వచ్చిన పిల్లలు వెళ్లనివాళ్ల కంటే ఎక్కువ నేరాలు చేశారు. స్టేషన్ ముందు కుర్రాళ్లను వరసగా నిలబెట్టి, తల్లిదండ్రుల ఎదుట తిట్టి, మాస్కులు వేసి ఫొటో తీసి ‘కౌన్సెలింగ్ ఇచ్చాం’ అని వాట్సాప్‌లో పంపే మన అలవాటును ఎవరైనా ఇలా కొలిచి చూశారా?

అసలు కౌన్సెలింగ్ అలా ఉండదు. తెలిసిన కౌన్సెలర్ ‘ఎందుకు తాగినవ్’ అని అడగడు. దానికి అందరి దగ్గరా ఒకటే జవాబు: ‘దోస్తులు అలవాటు చేసిన్రు సార్, ఇగ ముట్ట.’ ఆయన అడిగేది వేరు. ఎన్ని గంటలకు? ఎక్కడ? చేతిలో ఎంత ఉన్నప్పుడు? ఆ రోజు ఇంట్లో ఏమైంది? అడుగుతూ అడుగుతూ పోతే కూలి డబ్బులు చేతికొచ్చిన సాయంత్రం, ఫలానా పాన్‌డబ్బా, ఫలానా అన్న ఫోను, నాయిన తాగొచ్చిన రాత్రి బయటపడతాయి. అప్పుడు ఇద్దరూ కూర్చుని నాటకం ఆడతారు. కౌన్సెలరే ఆ ‘అన్న’ అవుతాడు: ‘అరే, ఒక్క దమ్మే రా, ఏం గాదు.’ పిల్లాడు జవాబు చెప్పాలి. మొదటిసారి నవ్వేస్తాడు. రెండోసారి కోపంగా అంటాడు, ఆ కోపం బయట పనికిరాదు, కొట్లాట అవుతుంది. పదోసారికి ‘లేదన్నా, రేపు పొద్దుగాల డ్యూటీకి పోవాలె’ అని మామూలుగా అనడం వస్తుంది. కాంట్రాక్టు పని అయినా సరే, ఏదో ఒక డ్యూటీ ఉండాలి మరి, ఆ మాట అబద్ధం కాకూడదంటే.

ఇదంతా పది పన్నెండు వారాల పని. బెయిలు రెండు మూడు వారాల్లోనే రావచ్చు, రావాలి కూడా. చికిత్స పూర్తికాలేదని పిల్లాణ్ని లోపలే ఉంచడం చట్టానికీ న్యాయానికీ విరుద్ధం. కాబట్టి హోమ్‌లో మొదలయ్యే చికిత్స బయట పూర్తయ్యేలా ఉండాలి. మన ఏర్పాట్లలో ఊడిపోయిన మెట్టు ఇక్కడే ఉంది. గేటు దాటిన రోజున పిల్లాడి చేతికి బెయిలు కాగితం ఇస్తారు. ఫలానా తారీఖున ఫలానా డాక్టరును కలవాలన్న చీటీ ఇస్తారా? ఆ రోజు రాకపోతే ఎవరు ఫోను చేయాలో ఎక్కడన్నా రాసి ఉందా? విడుదలైన తొలి రోజులు ప్రమాదకరమైనవి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం జైలు నుంచి బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో మరణించే ముప్పు మామూలు జనం కంటే 12.7 రెట్లు, మత్తు మోతాదు మించి చనిపోయే ముప్పు 129 రెట్లు. వాళ్లలో హెరాయిన్, కొకెయిన్ వాడినవాళ్లు ఎక్కువ, మన కుర్రాళ్ల పరిస్థితి అది కాదు. కానీ నిద్రమాత్రల కల్లుకు అలవాటు తప్పిన ఒళ్లు మళ్లీ పాత మోతాదే తాగితే తట్టుకోలేదన్న సూత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

పిల్లల విషయంలో ఇంకో ముడి ఉంది. బాల న్యాయ చట్టం మరచిపోమంటుంది. పేరు బయటపెట్టకూడదని 74వ సెక్షన్, ఆ నేరం కారణంగా వాడికి ఏ అనర్హతా అంటకూడదని 24వ సెక్షన్, గడువు తీరాక రికార్డులు నాశనం చేయాలన్న నియమం. మూల్యాంకనం చేసేవాడు గుర్తుపెట్టుకోమంటాడు: వెంటపడు, ఆరు నెలలకు కలువు, ఏడాదికి కలువు. నేను చట్టం పక్షం. బసంత్‌నగర్ లాంటి చోట ప్రొబేషన్ ఆఫీసరు జీపు ఒక్కసారి ఇంటి ముందు ఆగితే వాడకంతా తెలిసిపోతుంది, ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంట్రాక్టరుకూ తెలుస్తుంది. వాడి చేతికొచ్చిన పని పోతే, చికిత్స ఎలా పనిచేసిందో చూడ్డానికి వెళ్లి చికిత్సను మనమే చెడగొట్టినట్టు. ఈ ముడి విప్పలేనిది కాదు. పిల్లాడు, తల్లి ఒప్పుకుంటేనే కలవాలి. జీపులో పోకూడదు, ఇంటికి పోకూడదు. ఫోను, లేకపోతే ఆసుపత్రి ఓపీ. కాగితం మీద పేరు బదులు నంబరు. ఆ నంబరుకు పేరు ముడిపెట్టే పుస్తకం బోర్డు దగ్గర తాళంలో ఉండాలి, పోలీసులకు అందకూడదు.

అడగాల్సినవి కూడా కొన్నే. గత ముప్పై రోజుల్లో ఎన్ని రోజులు తాగావు? ఎన్ని రోజులు పనికో కాలేజీకో వెళ్లావు? ఇంట్లో పడుకుంటున్నావా? మళ్లీ కేసు అయిందా? ‘పూర్తిగా మానేశాడా’ అన్న ఒక్క ప్రశ్నే వేస్తే జవాబు ఎప్పుడూ ‘లేదు’ వైపే ఒరుగుతుంది. నెలకు ఇరవై అయిదు రోజులు తాగేవాడు నాలుగు రోజులకు వచ్చి, పదిహేను రోజులు కూలికి పోతున్నాడంటే ఏ డాక్టరైనా సంతోషిస్తాడు. మన రిపోర్టుల్లో వాడు ‘విఫలం’. గని కార్మికుడి విషయంలో వంద నుంచి నూట అరవై మస్టర్లకు వస్తే మార్పు అని ఒప్పుకునే ప్రాంతం, పిల్లాడి దగ్గర మాత్రం సున్నానో నూరో అడుగుతుంది.

ఎవరు చేయాలి ఈ పని? జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఉన్న కొద్దిమంది దత్తత నుంచి బాల్యవివాహాల దాకా అన్నీ చూడాలి. వాళ్ల మీద ఇంకో రిజిస్టరు పడేస్తే అది కుర్చీలో కూర్చునే నిండుతుంది. పైగా చికిత్స ఇచ్చినవాళ్లే తమకు తాము మార్కులు వేసుకోకూడదు. ఇప్పుడు రామగుండంలో సింగరేణి పేరుతోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, 2022లో తరగతులు మొదలయ్యాయి. సామాజిక వైద్య విభాగం ఉంటుంది, మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఊళ్లకు వెళ్లి కుటుంబాల ఆరోగ్యం చూడటం వైద్య విద్యార్థుల పాఠంలో భాగమే. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల నుంచి హోమ్‌కు వెళ్లే పిల్లల్లో ఒప్పుకున్నవాళ్లను ఏడాది పాటు చూడటం వాళ్లకు భారం కాదు. కుటుంబాలకు ఈలోపు 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, ఉచితం. తెలుగులో మాట్లాడే మనిషి ఎంతసేపటికి లైన్లోకి వస్తాడన్నది కూడా ఆ విద్యార్థులే ఫోను చేసి, గడియారం చూసి రాసిపెట్టొచ్చు.

ఖర్చు గురించి అడిగేవాళ్లుంటారు. బోర్డు నుంచి లేఖ, కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతి, ఒక సామాజిక కార్యకర్త జీతం, కొన్ని బస్సు టికెట్లు. మొదటి ఏడాది ఫలితం బాగుండకపోవచ్చు. చికిత్స పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ తేడా లేదనే తేలవచ్చు. అప్పుడు ఆ కాగితాన్ని బయటపెడతామని సంబంధిత శాఖ మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కాలిఫోర్నియాలో ఆ చేదు లెక్కను బయటపెట్టింది కూడా ప్రభుత్వ కార్యాలయమే.